వ్రతం ఫోటోలో అమ్మ మొహం చీకటిగా వచ్చింది: ఫోన్‌లో ఎడిటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి

కార్తీకంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. నేను ఫోన్‌తో తీసిన నూట ఎనభై చిల్లర ఫోటోల్లో అమ్మానాన్నలు పీటల మీద కూర్చుని ఇద్దరూ ఒకేసారి నవ్వింది ఒక్కటంటే ఒక్కటే. అదేమో ఇలా ఉంది: వెనక వీధి గుమ్మం తెరిచి ఉండటంతో అక్కడ ఎండ తెల్లగా పేలిపోయింది, వాళ్ల మొహాలు చీకటిగా ఉన్నాయి, పైన ట్యూబ్‌లైట్ వల్ల గోడకి ఏదో ఆకుపచ్చ జీర, గుమ్మం ఒక పక్కకి ఒరిగిపోయింది, కుడి చేతి మూలన చెప్పుల స్టాండు. ఫ్రేమ్ కట్టించమని అమ్మ అడిగింది ఆ ఫోటోనే.

ఎడిటింగ్ ఎలా నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే నేను ఇలాంటి ఫోటో ఒకటి వెతుక్కోమంటాను. మీ ఇంట్లో మనిషి ఉండాలి, ఫోటో మీకు ఇష్టమైనదై ఉండాలి, ఏదో ఒకటి తేడాగా ఉండాలి. యాభై ఫోటోల మీద ఫిల్టర్లు రుద్దితే ఏమీ రాదు, ఆ ఒక్కదాన్ని పట్టుకుని వారం రోజులు కుస్తీ పడితే మాత్రం ఏ స్లైడర్ ఏం చేస్తుందో చేతికి తెలిసిపోతుంది. కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా ఆ వ్రతం ఫోటో మీద చేసిందే.

యాప్ సంగతి

ఫోటోషాప్ రాదు కాబట్టి ఎడిటింగ్ మనవల్ల కాదు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది, స్టూడియోల వాళ్లకి అది అన్నం పెట్టింది, గొప్పదే, కానీ మొదటిసారి చేసేవాళ్లకి అందులోని మెనూలు చూస్తేనే నీరసం వస్తుంది. కంప్యూటర్ మీదే చేయాలని పట్టుదల ఉంటే గింప్ ఉంది, 1996 నుంచీ ఉంది, పూర్తిగా ఉచితం. ఫోన్‌లో అయితే నేను స్నాప్‌సీడ్ వాడతాను. 2011లో ఐప్యాడ్ కోసం నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది, 2012లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది, ఆ ఏడాది చివర్లోనే ఆండ్రాయిడ్‌కీ వచ్చింది. డబ్బులు అడగదు, మధ్యలో యాడ్స్ రావు. వెర్షన్‌ని బట్టి బటన్లు అటూ ఇటూ మారతాయి గానీ టూల్స్ పేర్లు దాదాపు ఇవే. అసలు ఏదీ వేసుకోవడం ఇష్టం లేకపోతే మీ ఫోన్ గ్యాలరీలో ఎడిట్ నొక్కినా సగం టూల్స్ అక్కడే కనిపిస్తాయి.

మొదలుపెట్టే ముందు రెండు పనులు. ఒకటి, ఒరిజినల్ ఫోటోని కాపీ చేసి వేరే ఫోల్డర్‌లో పడేయండి. రెండోది, ఫోన్ స్క్రీన్ చూసుకోండి. దీనికి నేను ఫీజు కట్టాను. ఓ రాత్రి పదకొండింటికి కూర్చుని మా చెల్లెలి సీమంతం ఫోటోలు అరవై దాకా ఎడిట్ చేశాను, భలే వచ్చాయనుకుని పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే అందరూ నీలంగా, చలికి వణికిపోతున్నట్టు ఉన్నారు. జరిగిందేమిటంటే, రాత్రిపూట కళ్లకి ఇబ్బంది లేకుండా స్క్రీన్‌ని పసుపుగా మార్చే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. ఆ పసుపు ఫోటోలో ఉందనుకుని నేను తగ్గించుకుంటూ పోయాను. అరవై ఫోటోలూ మళ్లీ మొదటినుంచి. కాబట్టి ఐ కంఫర్ట్, నైట్ లైట్, మీ ఫోన్‌లో దాని పేరు ఏదైనా సరే, ఆఫ్ చేయండి. బ్రైట్‌నెస్ ఆటోలో కాకుండా మధ్యలో పెట్టుకోండి. మరీ ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేస్తే ప్రింట్ చీకటిగా వస్తుంది.

ముందు నిలబెట్టండి, తర్వాత కోయండి

ఏ ఫోటో అయినా నేను రొటేట్‌తో మొదలుపెడతాను. మా ఫోటోలో గుమ్మం ద్వారబంధం ఒరిగింది కాబట్టి అది నిట్టనిలువుగా వచ్చేదాకా తిప్పాను. మనిషి తల కాస్త వాలితే పర్వాలేదు గానీ గుమ్మాలు, స్తంభాలు, గోడ అంచులు వాలితే చూసేవాళ్లకి ఎక్కడో గుచ్చుకుంటుంది, ఎందుకో మాత్రం చెప్పలేరు. ఫోన్ పైకి వంచి తీస్తే గుమ్మం పైన ఇరుకుగా, కింద వెడల్పుగా వస్తుంది కదా, కిందికి వంచితే దానికి తిరగబడి, అది రొటేట్‌తో పోదు, పర్‌స్పెక్టివ్ అనే టూల్ ఉంటుంది, దాంతో సరిచేయాలి. కాస్త లాగితే చాలు, ఎక్కువ లాగితే మనుషులు సాగిపోతారు.

తర్వాత క్రాప్. ఇక్కడ లెక్క ఒకటి తెలిసి ఉండాలి, ఇది ఎవరూ చెప్పరు. మామూలుగా ఫోన్ ఫోటో 4:3 కొలతలో వస్తుంది, అంటే 12 మెగాపిక్సెల్ ఫోటో 4000 పిక్సెల్స్ (ఫోటోని కూర్చే చిన్న చుక్కలు) వెడల్పు, 3000 ఎత్తు. మనం కడిగించే 4×6 ప్రింటేమో 3:2. అడ్డంగా తీసిన ఫోటోని అలాగే ల్యాబ్‌కి ఇస్తే ఎత్తులో తొమ్మిదో వంతు ఎగిరిపోతుంది, మిషన్‌కి అందులో ఎవరి తల ఉందో తెలియదు. మా తాతయ్య షష్టిపూర్తి ఫోటోల్లో వెనక వరసలో నిలబడ్డ మా మామయ్యలిద్దరికీ నుదురు పైన ఏమీ లేదు. ల్యాబ్ అబ్బాయి మీద అరిచాను గానీ తప్పు నాదే. ప్రింట్ తీయించే ఆలోచన ఉంటే క్రాప్ టూల్‌లో 3:2 ఎంచుకుని, ఏది పోవాలో ఏది ఉండాలో మీరే తేల్చుకోండి.

పనిలో పనిగా రెండో లెక్క కూడా చెప్పేస్తాను. ప్రింట్ బాగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలంటారు. 4×6కి 1800×1200 సరిపోతుంది, 12×8కి 3600×2400 కావాలి. 4000×3000 ఫోటోని 3:2కి కోస్తే 4000×2667 మిగులుతుంది, అంటే 12×8కి సరిగ్గా సరిపోయి కాస్త మిగిలింది. అదే ఫోటోలో అమ్మ మొహం ఒక్కటే కోసుకుని 12×8 వేయిస్తానంటే కుదరదు. చెప్పుల స్టాండు క్రాప్‌లోనే పోయింది, దానికి వేరే టూల్ అక్కర్లేదు. నిజానికి కొత్తవాళ్లు చెరిపేయాలనుకునే వస్తువుల్లో సగం క్రాప్‌తోనే పోతాయి.

వెలుగు

స్నాప్‌సీడ్‌లో ట్యూన్ ఇమేజ్ తెరవండి. వేలు పైకీ కిందికీ జరిపితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, సాచురేషన్, యాంబియెన్స్, హైలైట్స్, షాడోస్, వార్మ్‌త్ అని లిస్టు వస్తుంది, ఒకటి ఎంచుకుని కుడికో ఎడమకో జరిపితే అది పెరుగుతుంది, తగ్గుతుంది.

మొహం చీకటిగా ఉందంటే అందరి చెయ్యీ బ్రైట్‌నెస్ మీదికే పోతుంది. నేనూ అదే చేశాను. మొహాలు వెలిగాయి, ఆ పక్కనే గుమ్మంలోని ఎండ ఇంకా పాకి నాన్న చెవిని మింగేసింది. బ్రైట్‌నెస్ అన్నిటినీ కలిపి ఎత్తుతుంది, మనకి కావాల్సింది చీకటిగా ఉన్న భాగం ఒక్కటే ఎత్తడం. దానికి షాడోస్. షాడోస్ 40 దాకా పెంచాను, నాన్న కళ్లు కనిపించాయి, అమ్మ పట్టుచీర మడతలు తేలాయి. 70కి తీసుకెళ్తే మొహం మీద ఇసుక చల్లినట్టు గరుకు వచ్చింది, ఎందుకంటే చీకట్లో ఫోన్ పట్టుకున్న సమాచారమే అంతంత మాత్రం, దాన్ని సాగదీస్తే పిగులుతుంది. మళ్లీ 40కే వచ్చాను.

ఇక హైలైట్స్, అంటే బాగా వెలుగున్న భాగాలు, తగ్గిస్తే గుమ్మం బయట వీధి కనిపిస్తుందని ఆశపడ్డాను. కనిపించలేదు, తెలుపు కాస్తా బూడిద రంగు అయ్యింది, అంతే. మామూలు జేపెగ్ ఫోటోలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మూడూ 255కి కొట్టేశాయంటే అక్కడ తెలుపు తప్ప ఇంకేమీ రికార్డు కాలేదు, లేనిదాన్ని ఏ స్లైడరూ తేలేదు. మబ్బులు పట్టిన ఆకాశం లాంటి చోట హైలైట్స్ తగ్గిస్తే అద్భుతంగా పనిచేస్తుంది, అక్కడ 240, 245 ఉంటాయి కాబట్టి. అందుకే తీసేటప్పుడే మొహం మీద ఒకసారి నొక్కి, పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని కాస్త కిందికి జరిపి, కొంచెం చీకటిగానే తీయడం మేలు. చీకటిని కొంత వెనక్కి లాగొచ్చు, పేలిపోయిన తెలుపుని లాగలేం.

యాంబియెన్స్ గురించి ఒక్క మాట: ఎదురు వెలుగులో తీసిన ఫోటోలకి అది మంత్రంలా పనిచేస్తుంది, ఆ మంత్రం ఎక్కువైతే మనుషుల చుట్టూ తెల్లటి అంచు వచ్చి కత్తిరించి అతికించినట్టుంటారు. పెంచితే 15, 20 దగ్గర ఆగండి.

రంగు

ట్యూబ్‌లైట్ తెచ్చిన ఆ ఆకుపచ్చ జీర పోవాలంటే వైట్ బ్యాలెన్స్ టూల్. అందులో డ్రాపర్ గుర్తు ఉంటుంది, ఫోటోలో నిజానికి తెల్లగానో బూడిదగానో ఉండే చోటు మీద పెడితే మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయి. వినడానికి తేలిక. నేను నాన్న పంచె మీద పెట్టాను, ఇల్లంతా పసుపు నీళ్లు చల్లినట్టయింది! కాసేపు బుర్ర గోక్కున్నాక వెలిగింది. ఆ పంచె అమ్మ నీలిమందు పెట్టి ఉతికింది. కంటికి తళతళలాడే తెలుపే గానీ అందులో నీలం ఉంది, యాప్ ఆ నీలాన్ని చంపడానికి ఫోటో మొత్తాన్ని పసుపు చేసింది. తర్వాత పీట ముందున్న ముగ్గు మీద, ఎండ పడని చోట పెట్టాను, అప్పుడు కుదిరింది. తెల్లగా పేలిపోయిన చోట మాత్రం డ్రాపర్ పెట్టకండి, అక్కడ రంగు సమాచారమే ఉండదు.

డ్రాపర్‌తో కుదరకపోతే చేత్తో చేసుకోవచ్చు. టెంపరేచర్ అంటే నీలానికీ పసుపుకీ మధ్య, టింట్ అంటే ఆకుపచ్చకీ గులాబీకీ మధ్య. ట్యూబ్‌లైట్ కింద తీసినవాటికి చాలాసార్లు టింట్‌ని రెండు మూడు గీతలు గులాబీ వైపు జరిపితే మొహాల్లోకి ప్రాణం వస్తుంది. ఒకే ఫోటోలో రెండు రకాల వెలుగు ఉంటే, అంటే కిటికీ పక్క నీలం, దీపాల పక్క పసుపు, రెండిటినీ ఒకేసారి సరిచేయడం అవదు. దీపం పసుపుని వదిలేయండి. దీపం వెలుగు తెల్లగా ఉంటే దీపం ఎందుకు?

సాచురేషన్, అంటే రంగుల గాఢత, దాని దగ్గరే కొత్తవాళ్లు దొరికిపోతారు. అమ్మ చీర ఎరుపు, ఆకుపచ్చ అంచు. సాచురేషన్ 30 పెట్టగానే చీర మెరిసిపోయింది, నాకూ నచ్చింది. వేళ్లతో జూమ్ చేసి చూస్తే ఒళ్లో ఉన్న కుచ్చిళ్లు మాయం, ఎర్ర కాగితం అతికించినట్టుంది. ఎరుపు అంకె 255కి తగిలి అక్కడే ఆగిపోయింది, నీడకీ వెలుగుకీ తేడా లేకుండా పోయింది. పెళ్లి ఫోటోల్లో ఎర్ర చీరలు, బంతిపూలు, పసుపు రాసిన కాళ్లు ఉన్నప్పుడు సాచురేషన్ సున్నా దగ్గరే ఉంచి చూడండి, మన వేడుకల్లో రంగులు ఇప్పటికే దండిగా ఉంటాయి. నేను చివరికి +5 పెట్టాను.

మొహాల దగ్గర

మొత్తం ఫోటోకి షాడోస్ ఎత్తాక కూడా అమ్మ మొహం నాన్న మొహం కంటే ఒక మెట్టు చీకటిగానే ఉంది. దీనికి సెలెక్టివ్ టూల్. అమ్మ బుగ్గ మీద నొక్కితే ఒక చుక్క వస్తుంది. రెండు వేళ్లు దగ్గరికీ దూరానికీ జరిపితే అది ఎంత మేర పనిచేయాలో ఎర్రగా చూపిస్తుంది. ఆ వలయంలో కూడా బుగ్గ రంగుకి దగ్గరగా ఉన్న చోట్లనే పట్టుకుంటుంది, పక్కనున్న జుట్టునీ చీరనీ పెద్దగా ముట్టుకోదు. బ్రైట్‌నెస్ +18. అంతే. ఇంతకు ముందు డార్క్‌రూముల్లో, అంటే ఫిల్మ్ ఫోటోలు కడిగే చీకటి గదుల్లో, ప్రింట్ వేసేటప్పుడు కాగితం మీద పడే వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టి కొన్ని చోట్లని చీకటి పడకుండా కాపాడేవాళ్లు, దాన్నే డాడ్జింగ్ అనేవాళ్లు. స్నాప్‌సీడ్ బ్రష్‌లో కనిపించే డాడ్జ్ అండ్ బర్న్ అనే మాట అక్కడిదే.

ఇక్కడే ఒక తగాదా కూడా. వెలుగు తేవడం వేరు, తెలుపు చేయడం వేరు. మా నాన్నది చామనఛాయ కంటే ఒక మెట్టు నలుపు. ఆ ఫోటోని మా పిన్ని కొడుకు ఏదో బ్యూటీ యాప్‌లో వేసి పంపితే మొహం పాలరాయిలా, చేతులు మాత్రం మామూలుగా, ముక్కు పక్కన ఉండే పుట్టుమచ్చ గాయబ్. నాన్న దాన్ని చూసి "ఎవరబ్బా ఈయన?" అన్నాడు, నవ్వుతూనే గానీ నాకు మాత్రం చివుక్కుమంది. మొహం బ్రైట్‌నెస్ పెంచాక మెడ, చేతులు ఒకసారి చూడండి. మొహానికీ వాటికీ పొంతన కుదరకపోతే మీరు హద్దు దాటినట్టు. ముడతలు, మచ్చలు ముట్టుకోకండి. వారంలో పోయే మొటిమ తీసేయండి, జన్మంతా ఉండే మచ్చ ఉంచండి, నేను పెట్టుకున్న లెక్క ఇది.

మొటిమలకీ, గోడ మీద మేకులకీ, నేల మీద పడ్డ ప్లాస్టిక్ కవర్లకీ హీలింగ్ వాడాలి. బాగా జూమ్ చేసి చిన్న చిన్నగా తాకండి, పెద్ద వస్తువుని ఒకేసారి వేలితో రుద్దితే పక్కనున్న గోడని తెచ్చి గజిబిజిగా అతికిస్తుంది. మా ఫోటోలో వెనక గోడకి ఒక కిరాణా కొట్టు క్యాలెండర్ ఉంది. హీలింగ్‌తో అరగంట కష్టపడి తీసేశాను, గోడ నున్నగా వచ్చింది, గర్వంగా అమ్మకి చూపించాను. "క్యాలెండర్ ఎక్కడికి పోయింది రా, అందులో మీ చెల్లి డెలివరీ తేదీకి సున్నా చుట్టి ఉంది కదా" అంది. అన్‌డూ.

ఆ వెనక్కి రావడం కూడా నేర్చుకోవాలి. వ్యూ ఎడిట్స్ అని ఒకటి ఉంటుంది, అందులో మీరు చేసిన పనులన్నీ వరసగా కనిపిస్తాయి, మధ్యలో ఏ మెట్టు దగ్గరకైనా వెళ్లి అంకె మార్చుకోవచ్చు. ఫోటో మీద వేలు నొక్కి పట్టుకుంటే ఒరిజినల్ కనిపిస్తుంది, ప్రతి మార్పు తర్వాతా అలా ఒకసారి నొక్కి చూడండి. నా అలవాటు ఇంకొకటి ఉంది: అంతా అయ్యాక ఫోన్ పక్కన పెట్టేసి టీ తాగి వచ్చి మళ్లీ చూస్తాను. దాదాపు ప్రతిసారీ ఏదో ఒక స్లైడర్‌ని సగానికి తగ్గిస్తాను. కళ్లు ఎంత వేగంగా అలవాటు పడిపోతాయో అప్పుడు తెలుస్తుంది.

చివర్లో డీటెయిల్స్. గరుకునీ గీతల్నీ ఎత్తి చూపే స్ట్రక్చర్ మనుషుల ఫోటోలకి వద్దు, అది గుడి గోపురాలకీ కొండలకీ బాగుంటుంది, మొహానికి పెడితే పదేళ్ల వయసు పెరుగుతుంది. షార్పెనింగ్ ఒక 10, 15 చాలు. కదిలిపోయిన ఫోటో దీంతో సరి అవ్వదు, ఆ ఆశ వదులుకోండి.

సేవ్ చేసి ల్యాబ్‌కి

ఎక్స్‌పోర్ట్ నొక్కితే వేరే కాపీ తయారవుతుంది. ఎడిట్ చేసిన జేపెగ్‌నే మళ్లీ తెరిచి, మళ్లీ ఎడిట్ చేసి, మళ్లీ సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంచెం కొంచెం క్వాలిటీ పోతుంది, కాబట్టి మార్పులేమైనా ఉంటే ఒరిజినల్ నుంచి చేయండి. ల్యాబ్‌కి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, పైన చెప్పిన 300 లెక్కంతా గాలికి పోతుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే ఇంకా నయం.

ల్యాబ్‌లో ఇంకో మాట కూడా చెప్పాలి, "అన్నా, ఆటో కరెక్షన్ వేయొద్దు, ఉన్నది ఉన్నట్టే కొట్టు" అని. చాలా చోట్ల మిషన్ తనంతట తానే బ్రైట్‌నెస్, రంగు మార్చేస్తుంది, మీరు గంటసేపు సర్దినదంతా ఒక్క సెకనులో పోతుంది. పెద్ద ప్రింట్‌కి ముందు ఒక 4×6 తీయించుకుని ఇంటికి తెచ్చి, అది ఏ గోడకి వేలాడుతుందో ఆ గోడ దగ్గర పెట్టి చూడండి. మాది మొదటిసారి కాస్త చీకటిగా వచ్చింది, హాల్లో వెలుగు తక్కువ కాబట్టి. బ్రైట్‌నెస్ ఇంకో 8 పెంచి 12×8 వేయించాను. క్యాలెండర్‌తో సహా.